ఊడ్చిన నేల, కప్పిన నేల

ఏప్రిల్ నెలలో అలిపిరి పాదాలమండపం దాటి మెట్ల దారి వెంట కొంతదూరం వెళ్ళి, పక్కన అడవి మొదలయ్యే చోట నిలబడి చూస్తే నేల కనిపించదు. కనిపించేది ఆకు. పై పొరలో ఆ ఏడాది రాలిన ఎండుటాకు, దాని కింద సగం చివికిన నిరుటి ఆకు, ఇంకా కింద ఆకో మన్నో చెప్పలేని నల్లని పొడి ఉంటాయి. శేషాచలం అడవి ప్రధానంగా ఆకురాల్చే పొడి అడవి. వర్షాలు వెనుదిరిగిన తరువాత, వేసవి ముదరకముందే చెట్లు తమ ఆకును కిందికి దించుతాయి. ఎండ తీవ్రమయ్యే సమయానికి నేల మీద కప్పు సిద్ధంగా ఉంటుంది. మే నెలలో ఉరుములతో పడే తొలకరి జల్లు బట్టనేల మీద కాక ఆ కప్పు మీద పడుతుంది. ఈ కాలక్రమాన్ని ఎవరూ నిర్ణయించలేదు. అయినా నేల సంరక్షణకు ఇంతకంటె సరైన తేదీలను ఏ పంటల క్యాలెండరులోనూ మనం వేయలేదు.

అదే రోజు ఉదయం ఆరు గంటలకు కొండ కింది వీధులలో నడిస్తే మరొక దృశ్యం ఎదురవుతుంది. ప్రతి ఇంటి ముందూ, ప్రతి కార్యాలయ ఆవరణలోనూ చీపురు గీతలు పడిన శుభ్రమైన నేల. మూలమూలకూ చిన్నచిన్న ఆకుకుప్పలు. కొన్నిటిలో నుంచి సన్నని పొగ. ఊడ్చిన వాకిలి మనకు శుభం. కల్లాపి, ముగ్గు దాని తరువాతివి. ఆ సంస్కారాన్ని తప్పుపట్టే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. అయితే వాకిలికి వర్తించిన నియమం పెరటికీ, పెరటికి వర్తించినది తోటకూ, తోటకు వర్తించినది చేనుకూ పాకింది. కలుపు మొక్క గానీ ఎండుటాకు గానీ కనబడకుండా దున్ని ఉంచిన మామిడితోటను చూసి, ఆ రైతు శ్రద్ధగలవాడని ఊరు మెచ్చుకుంటుంది. ఆకు పరచి ఉంచిన తోటను చూసి, పట్టించుకొనే దిక్కు లేదని అనుకుంటుంది. ఆచ్ఛాదన గురించి ఎన్ని శిక్షణలు ఇచ్చినా అది నిలవకపోవడానికి గల కారణాలలో ఈ కంటికి సంబంధించిన కారణం ఒకటి. విస్తరణ విభాగం దానిని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

మన వైపు నుంచి మరొక లోపం ఉన్నది. వేసవి దుక్కులు దున్నమని ఒక కరపత్రంలో చెబుతాము. నేలను ఎప్పుడూ కప్పి ఉంచమని మరొక కరపత్రంలో చెబుతాము. రెండూ ఒకే రైతు చేతికి అందుతాయి. రెండింటికీ శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. కాని రెండూ ఒకే నేలకు, ఒకే నెలలో వర్తించవు. ఏది ఎక్కడ అన్న ప్రశ్నకు సమాధానం చెప్పకుండా రెండింటినీ పక్కపక్కన ఉంచితే, రైతు తనకు అలవాటైనదే చేస్తాడు. పూర్వపు చిత్తూరు జిల్లా ప్రాంతంలో ఆచ్ఛాదనను అన్ని నేలలకూ ఒకే సిఫారసుగా ప్రచారం చేయడం మానుకోవాలనీ, ఆకు ఎక్కడ పుడుతున్నదో అక్కడే, అంటే పండ్లతోటలలో, పెరళ్ళలో, సంస్థల ఆవరణలలో, దానిపై పట్టుదలతో పని చేయాలనీ, వర్షాధార వేరుశనగ చేలకు వేరే మార్గం చూపాలనీ నా అభిప్రాయం.

ముందుగా కప్పు లేని ఎర్రనేలకు జరిగేదేమిటో గుర్తుచేసుకుందాం. ఐదారు మిల్లీమీటర్ల వ్యాసం గల వాన చినుకు సెకనుకు 9 మీటర్ల వరకు వేగంతో నేలను తాకుతుంది. సేంద్రియ కర్బనం అర శాతానికి లోపే ఉండే ఎర్ర గరప నేలలలో మట్టి రేణువులను పట్టి ఉంచే బంధం బలహీనంగా ఉంటుంది. చినుకు దెబ్బకు రేణువులు విడిపోయి, సన్నని బంక, ఒండ్రు రేణువులు నేల రంధ్రాలను పూడుస్తాయి. వాన వెలిసి ఎండ కాసిన మరునాడు పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును పగులగొట్టుకొని మొలక రాలేదు, తరువాతి వాన లోపలికి ఇంకలేదు. నీరు పక్కకు పరుగెత్తుతుంది. వెళ్తూ పై మన్నును వెంట తీసుకొని పోతుంది. 2021 నవంబరులో కురిసిన కుండపోతకు అలిపిరి మెట్ల దారి వెంట నీరు వాగులా దూకడం, తిరుపతి వీధులు మునిగిపోవడం అందరూ చూశారు. అంతటి వానను ఏ ఆకుకప్పూ ఆపలేదు. అటువంటి మాట చెప్పి నవ్వులపాలు కానవసరం లేదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వర్షమూ అందే ఈ ప్రాంతంలో ఏటా పడే మామూలు వానలు, గంటలో ఇరవై ముప్పై మిల్లీమీటర్లు కురిసిపోయే వానలు, వాటి సంగతే ఇక్కడి ప్రశ్న. ఆ వానలలో నేల తాగేది ఎంత, జారిపోయేది ఎంత అన్నదానిని నిర్ణయించడంలో నేల మీద కప్పు ఉన్నదా లేదా అన్నదానికి పెద్ద పాత్ర ఉన్నది.

ఇంతవరకు మన విద్యార్థులందరికీ తెలిసినదే. తెలియనిదల్లా, లేక తెలిసినా లెక్క వేయనిదల్లా, కప్పడానికి పదార్థం ఎక్కడి నుంచి రావాలన్నది. హెక్టారుకు 5 టన్నుల ఎండుగడ్డి పరచాలని సిఫారసు చేశామనుకుందాం. ఎకరానికి రమారమి 2 టన్నులు. ఒక ఎకరం వరి మడి నుంచి వచ్చే గడ్డి దాదాపు అంతే. అంటే ఒక ఎకరం వేరుశనగ చేనును కప్పడానికి మరొక ఎకరం వరి గడ్డి మొత్తం కావాలి. పాడికి పేరుపొందిన ఈ జిల్లాలో ఆ గడ్డికి ముందే యజమాని ఉన్నాడు. పాడి ఆవుకు రోజుకు 5 నుంచి 6 కిలోల ఎండుమేత చొప్పున లెక్కిస్తే 2 టన్నుల గడ్డి ఒక ఆవుకు ఏడాది మేత. 'గడ్డి నేలకు వేస్తే ఆవుకు ఏం పెట్టేది సార్?' అని గ్రామసభలో రైతు అడిగే ప్రశ్నలో అజ్ఞానం ఏమీ లేదు. అది మన సిఫారసులో లేని అంకగణితం.

వేరుశనగ కట్టె మేతకే పోతుంది. వేరుశనగ పొట్టు బాయిలర్లకు ఇంధనం. చెరకు పిప్పి బెల్లపు పొయ్యికి కావాలి. తమ ఆలయాలలో వాడిన పూలతో 2021 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం అగరుబత్తీలు తయారు చేయిస్తున్నది. మంచి పనే, కాని ఒకనాడు ఎవరికీ అక్కరలేని పదార్థానికి కూడా ఇప్పుడు ఒక గిరాకీ ఏర్పడిందని గమనించాలి. ఆఫ్రికా సన్నకారు సేద్యంలో సంరక్షణ వ్యవసాయాన్ని సమీక్షిస్తూ కెన్ గిల్లర్, ఆయన సహ రచయితలు 2009లో ప్రచురించిన చర్చాపత్రం ఇదే విషయాన్ని ఎత్తిచూపింది. పంట వ్యర్థాలకు పశువులతో పోటీ ఉన్నచోట, వాటిని నేలపై వదిలివేయమనే సిఫారసు ఆచరణలోకి రావడం కష్టమన్నది వారి వాదనలో ఒక ముఖ్యాంశం. ఆ పత్రం వెలువడినప్పుడు దానిపై ఎంతో దుమారం రేగింది. చిత్తూరు పాడి రైతుకు మాత్రం అది కొత్త సంగతిగా తోచదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడ మన దగ్గరే ఉన్నది. చెరకులో ముచ్చెలు నాటిన తరువాత హెక్టారుకు 3 టన్నుల చొప్పున చెరకు చెత్తను పరచడం చాలా కాలంగా ఉన్న సిఫారసు. తేమ నిలుస్తుంది, పీకపురుగు ఉధృతి తగ్గుతుంది. చెత్త బయటి నుంచి తేనక్కరలేదు. ఆ చేలోనో పక్క చేలోనో నరికిన చెరకుదే. పశువుకు అది ఇష్టమైన మేత కాదు. ఫలితం నెల రోజులలో కంటికి కనబడుతుంది. పదార్థం అక్కడే పుట్టాలి, దానికి పోటీ తక్కువ ఉండాలి, లాభం త్వరగా కనబడాలి. ఈ మూడూ కలిసినందువల్లనే చెరకులో ఆచ్ఛాదన మాటకు చెవి ఒగ్గేవారు ఉన్నారు. ఈ మూడూ లేని చోట మనం ఎంత గొంతు చించుకున్నా ప్రయోజనం తక్కువ.

వేరుశనగ విషయంలో మేత ఒక్కటే అడ్డంకి కాదు. మొదలు కుళ్ళు తెగులును కలిగించే స్క్లెరోషియం రాల్ఫ్సీ శిలీంధ్రం నేల పైపొరలో, కుళ్ళని సేంద్రియ పదార్థాన్ని ఆసరాగా చేసుకొని వ్యాపిస్తుంది. తెల్లని బూజు మొదట ఎండుటాకు ముక్కపై పెరిగి, అక్కడి నుంచి కాండాన్ని పట్టడం తెగులు సోకిన చేలో ఎవరైనా చూడవచ్చు. అందుకే పంట అవశేషాలను లోతుగా దున్ని పూడ్చమని తెగుళ్ళ శాస్త్రవేత్తలు చెబుతారు. ఈ తెగులు ఏటా కనిపించే చేలో వేసవి దుక్కి మానమని, మొక్కల మొదళ్ళ చుట్టూ గడ్డి పరచమని చెప్పడం బాధ్యతారాహిత్యం అవుతుంది. ప్రకృతి వ్యవసాయ ప్రచారంలో గాని, సంరక్షణ వ్యవసాయ పాఠ్యాంశాలలో గాని ఈ మినహాయింపు స్పష్టంగా వినబడదు. స్పష్టంగా చెప్పవలసినది విశ్వవిద్యాలయమే.

మరి ఆ చేలను బోసిగా వదలవలెనా? అక్కరలేదు. బతికి ఉన్న కప్పు అక్కడ మార్గం. ఈ సీమ రైతు దానిని ఎప్పటినుంచో ఎరుగును. వేరుశనగ మధ్య కంది, అనుము, అలసంద సాళ్ళు వేయడం ఇక్కడి పాత పద్ధతి. వేరుశనగ పీకిన తరువాత అనుము తీగ సాగి, వెనుకటి వానల తేమతో, చలికాలపు మంచులో నేలను కప్పి ఉంచుతుంది. సంక్రాంతి నాటికి ఇళ్ళలో అనపగింజల కూర ఉడుకుతుందంటే, ఆ మేరకు చేలో నేల కప్పబడి ఉన్నదని అర్థం. ఏకపంటగా వేరుశనగ విస్తరించిన కొద్దీ ఆ సాళ్ళు పలచబడ్డాయి. యంత్రంతో కలుపు తీయడానికి అడ్డమనీ, కూలీ ఖర్చు పెరుగుతుందనీ రైతులు చెప్పే కారణాలు నిజమే. అయినప్పటికీ ఆచ్ఛాదన పేరిట గడ్డి మోయించడం కంటె, ఎనిమిదో పదకొండో సాళ్ళకు ఒక సాలు కందిని, అనుమును తిరిగి తేవడం సులభమని నా నమ్మకం.

ఈ సందర్భంలో వానకు ముందే పొడిదుక్కిలో విత్తే నవధాన్య పద్ధతిని గురించి చెప్పుకోవాలి. 2016లో రాష్ట్రంలో మొదలై, తరువాత ప్రజాభాగస్వామ్య ప్రకృతి వ్యవసాయంగా పేరు మార్చుకున్న కార్యక్రమంలో రైతు సాధికార సంస్థ ఈ పద్ధతిని విస్తృతంగా ప్రచారం చేసింది. ధాన్యాలు, పప్పుధాన్యాలు, నూనెగింజలు, కూరగాయల విత్తనాలను కలిపి, బంకమన్ను, బూడిద పూతతో గుళికలుగా చేసి, తొలకరికి ముందే చల్లి, పైన పలుచగా గడ్డి కప్పుతారు. ఏడాది పొడవునా నేల మీద పచ్చదనం ఉండాలన్నది దాని ఆశయం. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం, రత్తన్ లాల్‌తోను ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతోను కలిపి లభించింది. ఆశయం ఉత్తమమైనది, విశ్వవిద్యాలయాలు దూరంగా నిలబడి పెదవి విరవడం సరికాదు. అదే సమయంలో, గుళికలు గాలిలోని తేమతోనే మొలిచి పెరుగుతాయన్న మాటను కొలిచి చూడకుండా మనం తిరిగి చెప్పకూడదు. వేసవి జల్లు ఎంత పడింది, కప్పు కింద ఆ తేమ ఎన్ని రోజులు నిలిచింది అన్న లెక్కలు ప్రతి చేలోనూ తీయవచ్చు. తీయాలి.

ఇంకొక జాగ్రత్త ఉన్నది. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్ల వేరుశనగ కాండం కుళ్ళు వైరస్ తెగులు బారిన పడింది. పొగాకు స్ట్రీక్ వైరస్ దానికి కారణమనీ, లక్షణాలేవీ చూపకుండానే వయ్యారిభామ ఆ వైరస్‌కు ఆశ్రయమిస్తుందనీ, వైరస్ ఉన్న పుప్పొడిని తామర పురుగులు మోసుకొని వస్తాయనీ తరువాత తేలింది. వయ్యారిభామను పూత రాకముందే పీకి ఆచ్ఛాదనగా వాడమని చెప్పేటప్పుడు 'పూత రాకముందే' అన్న మాటను ఒత్తి పలకాలి. అంతే కాదు, నవధాన్య మిశ్రమంలో వేసే అలసంద, పెసర, మినుము, పొద్దుతిరుగుడు కూడ ఈ వైరస్‌కు ఆశ్రయమిచ్చే మొక్కలే. వేరుశనగ చేను పక్కన మిశ్రమం చల్లేటప్పుడు జొన్న, సజ్జ పాలు పెంచి, ఈ మొక్కలను పూతకు రాకముందే కోసి పరచడం వివేకం. చేను చుట్టూ జొన్న, సజ్జ అడ్డుసాళ్ళు వేయమని మనం ముందు నుంచీ చెబుతున్నదే; కప్పు పంట, అడ్డుపంట ఇక్కడ ఒకే విత్తనపు సంచిలో కలిసి వస్తాయి.

ఇక ఆకు పుట్టే చోటికి వద్దాం. తోతాపురి మామిడికి, అంటే ఇక్కడి రైతు బెంగుళూరా అని పిలిచే రకానికి, ఈ ప్రాంతం పెట్టింది పేరు. ప్రతి తోటలో ఏడాదికి రెండు మార్లు ఆకు, కొమ్మ పోగవుతాయి. రాలిన ఆకు ఒకటి, కోత తరువాత కత్తిరించిన కొమ్మలు రెండవది. ఈ రెండూ గట్టు మీద కుప్పపడి, ఒక సాయంత్రం బూడిద అవుతాయి. మామిడాకును పశువు తినదు. కొనేవాడు లేడు. నేలకు తప్ప ఎవరికీ అక్కరలేని పదార్థాన్ని మనం తగులబెట్టిస్తున్నాము. ఎండుకొమ్మ తెగులు సోకిన కొమ్మలను వేరు చేసి కాల్చడం అవసరమే; ఆ సాకుతో మొత్తం కుప్పకు నిప్పు పెట్టడం అనవసరం.

అయితే మామిడిలో ఆచ్ఛాదనకు ఒక కాలం ఉన్నది, దానిని మన సిఫారసులు పట్టించుకోలేదు. పూతకు ముందు చెట్టుకు పొడి విరామం కావాలి. అక్టోబరు, నవంబరులో ఈశాన్య వానల తేమను పాదులలో మందంగా కప్పి దాచితే, డిసెంబరులో పూతకు బదులు కొత్త చిగురు వచ్చే ప్రమాదం ఉన్నది. కనుక ఆ నెలలలో చెట్ల మధ్య ఖాళీలో బతికి ఉన్న పంట ఉండడమే మేలు. కాయ కోసిన తరువాత, తొలి మంచి వానకు ఉలవ గాని, పిల్లిపెసర గాని, జనుము గాని చల్లితే అది పెరిగి, నేలను కోత నుంచి కాపాడి, పూతకు ముందు మిగులు తేమను తానే పీల్చుకుంటుంది. ఈ పోటీ మామూలుగా దోషం, ఇక్కడ గుణం. జనుమును పూత దశలో కోసి అక్కడే పడవేయాలి. ముదిరి పీచు కట్టిన తరువాత కోస్తే అది కుళ్ళదు. జనవరి చివర, పిందె బఠాణీ గింజంత అయి నీటి తడులు మొదలుపెట్టే వేళకు, ఎండిన జనుము, రాలిన మామిడాకు, దాచి ఉంచిన సన్నకొమ్మల ముక్కలు అన్నిటినీ పాదులోకి జరిపి 8 నుంచి 10 సెంటీమీటర్ల మందంగా కప్పాలి. అప్పటి నుంచి కోత వరకు నేలకు గొడుగు కావలసిన కాలం. కాండానికి ఒక అడుగు దూరం వదలాలి, లేకపోతే బెరడు నానుతుంది, చెదలు ఎక్కుతాయి.

పండుఈగ సంగతి కూడ మరువరాదు. దాని ప్యూపాలు చెట్టు కింద మన్నులోనే ఉంటాయి. పాదులను గీరి ఎండకు ఎక్స్‌పోజు చేయమని మనమే చెబుతాము. కప్పు ఉంచితే ఆ గీరడం ఉండదు. ఈ రెండింటినీ పొసగించాలంటే రాలిన, పుచ్చిన కాయలను కప్పు మీద వదలకుండా ఏరి లోతుగా పూడ్చాలి, ఎర బుట్టలు కట్టాలి, కోత అయిన తరువాత ఒకసారి కప్పును పక్కకు లాగి పాదును గీరాలి. కప్పు కింద పెరిగే చీమలు, సాలీళ్ళు ప్యూపాలను ఎంతవరకు అదుపు చేస్తాయన్నది ఈ ప్రాంతపు తోటలలో ఎవరైనా స్నాతకోత్తర విద్యార్థి రెండు రుతువుల పాటు లెక్కించదగిన అంశం.

పెరటి తోటలో లెక్క ఇంకా తేలిక. రెండు సెంట్ల పెరడు అంటే దాదాపు 80 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు అర కిలో ఎండుటాకు చొప్పున 40 కిలోలు చాలు. ఎకరానికి 2 టన్నులన్నప్పుడు కొండంత కనబడిన పని ఇక్కడ నాలుగైదు గోతాల ఆకు. పెరట్లో మామిడి, జామ, వీధిలో ఒక వేప లేదా కానుగ ఉన్న ఇంట్లో వేసవి అంతా ఊడ్చి పారబోసే ఆకు అంతకు తక్కువ ఉండదు. అలిపిరి చుట్టుపక్కల కొండవాలు మన్నులో గులకరాయి ఎక్కువ, నీరు నిలిచే శక్తి తక్కువ. అటువంటి పెరట్లో కప్పు వేసిన మడికి, వేయని మడికి తేడా తెలియడానికి ప్రయోగశాల అక్కరలేదు. నీరు పోసిన మూడవ రోజు వేలు గుచ్చి చూస్తే చాలు.

అయినా ఇల్లాండ్రు చెప్పే అభ్యంతరాలను వినాలి. మొదటిది పాములు, తేళ్ళు. అడవి అంచున ఉన్న వీధులలో ఈ భయాన్ని కొట్టిపారేయడం తెలివితక్కువ. ఇంటి గోడకు, నడిచే దారికి నాలుగు అడుగుల దూరం వరకు ఊడ్చిన నేలనే ఉంచాలి; మడులలో మాత్రం పలుచగా, వేలెడు మందాన కప్పాలి; కుప్పలుగా వదలకూడదు. రెండవది చెదలు. ఎర్రనేలలో ఎండుటాకు పరిస్తే చెద రావడం సహజం. తడి ఉన్న కప్పు కంటె పూర్తిగా ఎండిన కప్పుకే చెద ఎక్కువ పడుతుంది కనుక కప్పును నీరు పెట్టే మడులకే పరిమితం చేయాలి. వేప, కానుగ ఆకు కలిపితే చెద తగ్గుతుందని పెద్దలు చెబుతారు. దానినీ కొలిచి చూడవలసి ఉన్నది. మూడవది మొక్క పచ్చబడటం లేదన్న ఫిర్యాదు. దీనికి మన పాఠం సిద్ధంగా ఉన్నది. వరిగడ్డిలో కర్బన–నత్రజని నిష్పత్తి 60కి పైనే. దానిని మన్నులో కలిపితే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమకు తీసుకుంటాయి, మొక్క పాలిపోతుంది. పైన పరిస్తే ఈ ఇబ్బంది చాలా తక్కువ. పరచండి, కలపకండి అని చెప్పడమే మనం మరచిపోతున్నాము. పూతకు వచ్చిన జనుము, అలసంద వంటి పచ్చిరొట్టను మాత్రం నిష్పత్తి 20 దరిదాపులలో ఉంటుంది కనుక కలిపినా మంచిదే. నాలుగవది నిప్పు. 2014 మార్చిలో తిరుమల అడవిలో మంటలను ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కంచె వెంట ఒక బారెడు వెడల్పు నేలను బోసిగా ఉంచడం ఇక్కడ తప్పనిసరి.

అడవిలో ఆకు ఎంతో ఉన్నది కదా, తెచ్చుకుంటే పోదా అని అడిగేవారూ ఉంటారు. అది జాతీయ పార్కు. అక్కడి నుంచి ఆకు తేవడం చట్టరీత్యా కూడదు. శాస్త్రరీత్యానూ కూడదు. ఆ ఆకు ఆ నేలది.

చిన్న వానల గురించి ఒక మాట. రోజుకు 2.5 మిల్లీమీటర్ల వర్షం పడితే దానిని వర్షపు రోజుగా లెక్కిస్తాము. మందమైన ఎండు కప్పు అంతటి వానను దాదాపు తానే తాగివేస్తుంది, నేలకు చుక్క దిగదు. అందువల్ల నేల ఒకసారి బాగా తడిసిన తరువాతనే కప్పాలి. బిందుసేద్యం ఉన్నచోట గొట్టం కప్పు కింద ఉండాలి. ఈ రెండు వాక్యాలు లేని ఆచ్ఛాదన కరపత్రం రైతుకు నష్టం చేయవచ్చు.

సేంద్రియ కర్బనం విషయంలో మన వాగ్దానాలు కొంత తగ్గాలి. 15 సెంటీమీటర్ల లోతున ఒక హెక్టారు ఎర్రనేల బరువు దాదాపు 2,250 టన్నులు. అందులో కర్బనాన్ని 0.1 శాతం పెంచడమంటే 2.25 టన్నుల కర్బనం నిలవాలి. 5 టన్నుల ఎండు పదార్థంలో ఉండే కర్బనం 2.1 టన్నులు. మన వేడికి ఏడాదిలో చాలా భాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. నూటికి 15 పాళ్ళు మిగిలినదనుకుంటే ఏటా నేలకు దక్కేది 0.3 టన్ను. ఆ లెక్కన ఆ 0.1 శాతానికి ఏడు సంవత్సరాలు పైనే పడుతుంది, అదీ ఉన్న కర్బనం తరగకుండా ఉంటే. ఒక్క సంవత్సరంలో మన్ను నల్లబడుతుందని చెప్పి, రెండవ ఏడాది మట్టి పరీక్ష ఫలితం చూపలేక మొహం చాటేయడం కంటె ఈ లెక్క ముందే చెప్పడం మేలు. మొదటి వేసవిలోనే కనబడే లాభాలు వేరే ఉన్నాయి. తడుల మధ్య వ్యవధి పెరుగుతుంది, కలుపు తగ్గుతుంది, నేల వేడి తగ్గుతుంది, పెచ్చు కట్టదు. రైతును నిలబెట్టేవి అవి. కర్బనం నిదానంగా వస్తుంది.

మదనపల్లె ప్రాంతంలో టమోటా మడుల మీద పరచిన వెండిరంగు ప్లాస్టిక్ షీటును గురించి కూడ అడుగుతారు. తేమను ఆపడంలో, కలుపును అణచడంలో అది సమర్థమైనదే. పెద్ద విస్తీర్ణంలో కూరగాయలు పండించే రైతును ఆకు పరచమనడం కూలీ ఖర్చు తెలియనివారి మాట. కాని అది నేలకు ఆహారం కాదు. పంట అయిన తరువాత చినిగి మన్నులో మిగిలే ముక్కలను ఏరే బాధ్యత ఎవరిదన్నది రాయితీ ఉత్తర్వులతో పాటే తేలవలసిన విషయం.

చివరకు ప్రశ్న మన ఆవరణల దగ్గరికే వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో వేప, కానుగ, నిద్రగన్నేరు చెట్లు ఉన్న ఏ విద్యాసంస్థ, ఏ కార్యాలయ ప్రాంగణం చూసినా ఉదయాన్నే ఆకు ఊడ్చి కాల్చే దృశ్యం అరుదు కాదు. ఆచ్ఛాదనపై శిక్షణకు వచ్చిన రైతు గేటు దగ్గర ఆ పొగలో నుంచే నడిచి వస్తే, లోపల మనం చూపే చిత్రాలకు ఏ విలువ మిగులుతుంది? పంట వ్యర్థాలను కాల్చవద్దని అతనికి చెప్పే అర్హత మనకు మన చీపురు దగ్గర మొదలు కావాలి. దీనికి నిధులు అక్కరలేదు. ఊడ్చిన ఆకును చెట్టు పాదుకే జరపమని తోటపని సిబ్బందికి ఒక ఉత్తర్వు, ఆవరణలో ఒక మూల కంపోస్టు గుంత, దాని పక్కన కప్పిన మడి ఒకటి, కప్పని మడి ఒకటి చాలు.

గ్రామీణ వ్యవసాయ కార్యానుభవం కోసం ఊళ్ళకు వెళ్ళే చివరి సంవత్సరం విద్యార్థులు ఒక్కొక్కరు ఒక పెరడును, ఒక మామిడి పాదును ఎంచుకోవచ్చు. సగం కప్పి, సగం వదిలి, మధ్యాహ్నం రెండు గంటలకు 5 సెంటీమీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత, వారానికి ఒకసారి తేమ, కప్పు మిగిలిన మందం, కనిపించిన చెద, ఆ ఇంటివారు మానివేశారా కొనసాగించారా అన్నది నమోదు చేయవచ్చు. ఆ చివరి గడిని మన ప్రయోగ పట్టికలలో ఇంతవరకు చేర్చలేదు. ఒక విద్యార్థి వెళ్ళిన మడికే మరుసటి ఏడాది మరొకరు వెళ్ళాలి. ఏడేళ్ళ లెక్క అలాగే తేలుతుంది. వేప ఆకు రాలడం ఫిబ్రవరిలో మొదలవుతుంది కనుక, ఈ సారి గోతాలు జనవరిలోనే సిద్ధం చేసుకోవాలి.